పట్టాలో పేరు లేని గృహిణి: కారొలైన్ ఇంగల్స్ జీవితం, మరణం

పందొమ్మిదో శతాబ్దం రెండో అర్ధభాగంలో అమెరికా పడమటి గడ్డి మైదానాల్లోకి సాగిన వలసను చరిత్ర గ్రంథాలు చాలాకాలం వరకు నాగలి, తుపాకి పట్టిన పురుషుల సాహసంగానే చెప్పాయి. ప్రభుత్వ కార్యాలయాల్లో మిగిలిన భూమి పత్రాల్లో అత్యధికం పురుషుల పేరిట ఉండడం, స్త్రీలు చేసిన పనికి రశీదు గానీ పట్టా గానీ లేకపోవడం అందుకు ముఖ్య కారణాలు. దక్షిణ డకోటాలోని డి స్మెట్ అనే చిన్న ఊరిలో 1924లో మరణించిన కారొలైన్ ఇంగల్స్ జీవితాన్ని మొదటినుంచి పరిశీలిస్తే, ఆ వలస కుటుంబాలు కరువుల్లో, అప్పుల్లో చెదిరిపోకుండా నిలవడం ఎవరి శ్రమ వల్ల సాధ్యమైందో తెలుస్తుంది.

కారొలైన్ 1839 డిసెంబరు 12న విస్కాన్సిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్ సమీపంలో పుట్టింది. ఆమెకు ఐదేళ్ల వయసులో తండ్రి హెన్రీ క్వైనర్ మిషిగన్ సరస్సులో ఓడ మునిగి మరణించగా, తల్లి షార్లట్ పసిపిల్లల సంసారాన్ని కొన్నేళ్లు ఒంటరిగా ఈది, 1849లో మరో రైతును పెళ్లాడింది. అటువంటి లేమిలో పెరిగినా కారొలైన్ చదువు వదలలేదు. పదహారేళ్లకే బడిపంతులమ్మ అయింది. 1860 ఫిబ్రవరి 1న చార్లెస్ ఇంగల్స్‌తో పెళ్లయిన తరువాత ఉద్యోగం పోయింది కానీ బోధన పోలేదు. బడి అందుబాటులో లేని చోట్ల కూతుళ్లకు అక్షరాలు నేర్పింది ఆమే.

విస్కాన్సిన్‌లోని పెపిన్ దగ్గరి అడవిలో మేరీ, లారా పుట్టాక, 1869లో కుటుంబం కాన్సస్‌కు తరలింది. వారు ఇల్లు కట్టుకున్న మాంట్‌గోమరీ కౌంటీ నేల అప్పటికి చట్టప్రకారం ఒసేజ్ ఆదివాసుల రిజర్వు భూమి, అంటే ఒడంబడిక ద్వారా ఆ జాతికి మిగిల్చిన ప్రాంతం. వేలాది వలసదారుల్లాగే ఇంగల్స్ కుటుంబం కూడా అక్కడ అనుమతి లేకుండానే దిగింది. ఆ ఒత్తిడి ఫలితంగా ఒసేజ్ ప్రజలు తమ నేలను వదులుకుని నేటి ఓక్లహోమాలోకి వెళ్లవలసివచ్చింది. వలస స్త్రీల కష్టాన్ని గౌరవించే రచన ఏదైనా ఈ అన్యాయాన్ని కూడా చెప్పి తీరాలి. చలిజ్వరంతో, అంటే మలేరియాతో, ఇంటిల్లిపాదీ మంచం పట్టిన ఆ ప్రాంతంలో వారికి వైద్యం చేసినవాడు జార్జ్ టాన్ అనే నల్లజాతి వైద్యుడు. 1870 ఆగస్టులో అక్కడే మూడో కూతురు క్యారీ పుట్టింది. మరుసటి ఏడు, పెపిన్ పొలాన్ని కొన్నవాడు బాకీ కట్టలేకపోవడంతో కుటుంబం వెనక్కి వచ్చింది.

ఈ తిరుగుళ్లలో భర్త వేటకో కూలికో పోయినప్పుడు ఇల్లు నడిచిన తీరు ప్రత్యేకంగా గమనించదగింది. ఆవు పాలు పితకడం, వెన్న చిలికి శీతకాలానికి దాచడం, మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టడం, కట్టెల బూడిద నుంచి తీసిన క్షారంతో కొవ్వు కాచి సబ్బు చేయడం, దుస్తులన్నీ చేతికుట్టుతో తయారుచేయడం గృహిణి వంతు. గోధుమ పంట చేతికొస్తే రైతుకు ఏటా ఒకసారి డబ్బు కనిపించేది. పంట పోయిన ఏడు దుకాణం బాకీని కొంతైనా తీర్చినవి వెన్న, గుడ్లు. అయినా అధికారిక జనాభా లెక్కలు గృహిణి వృత్తి గడిలో రాసినది ఇంటిపని అన్న ఒక్క మాటే.

1874లో కుటుంబం మినెసోటాలోని వాల్‌నట్ గ్రోవ్ చేరి, మొదట ఏటిగట్టును తొలిచి, పైన పచ్చిక గడ్డలు కప్పిన మట్టి ఇంట్లో ఉంది. ఆ ప్రాంతంపై 1873 నుంచి 1877 వరకు ఏటేటా మిడతల దండ్లు పడ్డాయి. రాకీ పర్వత మిడత అనే ఆ జాతి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లకే పూర్తిగా అంతరించింది గానీ, అప్పట్లో అది కంకినే కాక గడ్డినీ కూరగాయల మళ్లనూ నేలమట్టం చేసింది. పంట పోవడంతో చార్లెస్ దూరప్రాంతాలకు కోతకూలికి నడిచి వెళ్లగా, కారొలైన్ పిల్లలతో ఒంటరిగా ఉండిపోయింది. 1875 నవంబరు 1న ఆమెకు కొడుకు పుట్టాడు. ఫ్రెడ్డీ అని పిలుచుకున్న ఆ బిడ్డ 1876 ఆగస్టు 27న, కుటుంబం అయోవాకు తరలే దారిలో, పది నెలలైనా నిండకుండానే చనిపోయాడు. బిడ్డను కోల్పోయిన కొద్దినెలలకే ఆమె అయోవాలోని బర్ ఓక్‌లో ఒక హోటల్ వంటింట్లో పరాయివాళ్లకు వండవలసివచ్చింది. 1877లో అక్కడే చివరి కూతురు గ్రేస్ పుట్టింది, అప్పు తీర్చలేక ఒక రాత్రి ఆ ఊరినీ విడిచారు. ఆమె జీవితంలో ఇంతకన్నా కఠినమైన కాలం లేదు.

1879లో పద్నాలుగేళ్ల మేరీ జబ్బుపడి చూపు కోల్పోయింది. స్కార్లెట్ జ్వరమే కారణమని చాలాకాలం భావించారు. మెదడునూ దాని పొరలనూ వాపుకు గురిచేసే వైరల్ వ్యాధి అయివుంటుందని 2013లో వైద్య పరిశోధకులు నిర్ధారణకు వచ్చారు. మేరీ చూపు పోయిన 1879లోనే రైల్వే పనితో కుటుంబం డకోటాకు వెళ్లి, 1880లో డి స్మెట్ దగ్గర హోమ్‌స్టెడ్ భూమి నమోదు చేసుకుంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం కుటుంబ యజమాని గానీ, 21 ఏళ్లు నిండిన ఒంటరి వ్యక్తి గానీ స్వల్ప రుసుముతో 160 ఎకరాల ప్రభుత్వ భూమి నమోదు చేసుకుని, ఐదేళ్లు నివసించి సాగు చేసినట్టు రుజువు చేస్తే పట్టా లభించేది. అవివాహితలకూ వితంతువులకూ ఈ హక్కు ఉండేది. అక్కడే ఎలైజా జేన్ వైల్డర్ అనే అవివాహిత ఉపాధ్యాయురాలు తన పేరిట భూమి నమోదు చేసుకుంది. భర్త ఉన్న స్త్రీని మాత్రం చట్టం కుటుంబ యజమానిగా చూడలేదు గనుక, 1886లో రుజువైన ఇంగల్స్ కుటుంబ భూమికి కారొలైన్ ఎంత కష్టపడినా పట్టాదారు చార్లెస్ ఒక్కడే.

1880 అక్టోబరులో మొదలైన మంచు తుపాన్లు రైలుమార్గాన్ని పూడ్చివేయగా, 1881 జనవరి నుంచి మే దాకా డి స్మెట్‌కు రైలు రాలేదు. బొగ్గు అయిపోయాక ఎండుగడ్డిని మెలిపెట్టి కట్టెలుగా కాల్చారు. పిండి అయిపోయాక గోధుమలను కాఫీ గింజల చేతిమరలో విసిరి రొట్టె చేసుకున్నారు. ఆ ఏడే మేరీ అయోవాలోని వింటన్ అంధుల పాఠశాలలో చేరింది. డకోటా ప్రభుత్వం బోధన ఖర్చు భరించింది. బట్టలు, ప్రయాణం కుటుంబం బాధ్యత. చార్లెస్ ఇంకా పడమటికి పోవాలనుకున్నా, పిల్లల చదువు కోసం కారొలైన్ ఇక కదలనని పట్టుబట్టిందని కుటుంబ వృత్తాంతం. ఆమె నిర్ణయాలన్నిటిలో ఎక్కువ ఫలితమిచ్చినది ఇదే.

1887లో చార్లెస్ ఊళ్లో కట్టిన ఇంటికి వారు మారారు. 1902 జూన్ 8న అతడు మరణించిన తరువాత ఆమె మేరీతో కలిసి ఆ ఇంట్లోనే, గదులు అద్దెకిచ్చి, దాదాపు ఇరవైరెండేళ్లు బతికింది. దక్షిణ డకోటా స్త్రీలకు ఓటు హక్కు 1918 నవంబరులో వచ్చేసరికి ఆమెకు 78 ఏళ్లు. 1924 ఏప్రిల్ 20న, 84వ ఏట, డి స్మెట్‌లోనే కన్నుమూసింది; మిసోరీలో ఉన్న లారా తండ్రి మరణం తరువాత తల్లిని మళ్లీ చూడలేదు.

ఆమె చనిపోయిన ఎనిమిదేళ్లకు, 1932లో, లారా ఇంగల్స్ వైల్డర్ తొలి నవల వెలువడి, కారొలైన్‌ను లక్షలాది పిల్లలకు అమ్మగా పరిచయం చేసింది. పిల్లల కోసం రాసినందువల్ల ఆ నవలల్లో ఫ్రెడ్డీ మరణానికీ, బర్ ఓక్ హోటల్‌కూ చోటు దక్కలేదు. లారా ముందుగా రాసుకున్న స్వీయకథ ‘పయనీర్ గర్ల్’ 2014లో మాత్రమే అచ్చయింది. నవలలను ఇష్టపడే పాఠకులు ఆ పుస్తకాన్నీ చదివితే, కారొలైన్ అసలు జీవితం వారికి తెలుస్తుంది.