చర్చా తరగతిలో మార్కులు: నంబరు చూసి వేసేవి, మొహం చూసి వేసేవి

దళితులను బడి గడప దగ్గర ఎట్లా ఆపినారో మనం చాలాసార్లు రాసుకున్నాం. గడప దాటి లోపలికి వచ్చినాక ఏం జరిగిందో రాసుకున్నది తక్కువ. అడ్మిషను దొరికింది, హాస్టలు సీటు దొరికింది, స్కాలర్‌షిప్పు ఆలస్యంగానైనా వచ్చింది, ఇంక అడ్డం ఏముంది అని అడుగుతారు. అడ్డం మార్కుల రిజిస్టరులో ఉంది. అందులోనూ సెమినారుకు, చర్చకు, వైవాకు వేసే మార్కుల గడిలో ఉంది. నూటికి పాతికో ముప్పయ్యో మార్కుల గడి అది. చూడను చిన్నదే. కానీ ఫస్టు క్లాసుకూ సెకండు క్లాసుకూ నడుమ, పీహెచ్‌డీ సీటుకూ ఊరికి తిరుగుదారికీ నడుమ చాలాసార్లు అదే నిలబడుతుంది. ఈ వ్యాసంలో మేము ఆ గడి చరిత్ర చెప్పదలచుకున్నాం. ఉదాహరణకు సామాజిక మనస్తత్వశాస్త్రం చర్చా తరగతిని తీసుకుంటున్నాం. ఎందుకంటే దురభిప్రాయం అంటే ఏమిటో పాఠంగా చెప్పే తరగతి అది.

నంబరు నుంచి మొహానికి

1857లో పెట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం మొదట్లో పాఠాలు చెప్పే చోటు కాదు, పరీక్షలు పెట్టే సంస్థ. చదువు కాలేజీల్లో, తీర్పు మద్రాసులో. ఈ పద్ధతిలో లోపాలు లెక్కలేనన్ని. బట్టీ పట్టడం, గైడ్లు, మూడు గంటల్లో రెండేళ్ల చదువు తేల్చేయడం అన్నీ అందులోనివే. అయితే ఒక్క గుణం మాత్రం ఉంది. దూరాన కూర్చుని పేపరు దిద్దే మనిషికి పిల్లవాడి ఊరు తెలియదు, తండ్రి పని తెలియదు, వాడు క్లాసులో ఏ బెంచీలో కూర్చుంటాడో తెలియదు. నంబరు ఒక్కటే కనపడుతుంది.

స్వాతంత్ర్యం వచ్చినాక ఈ పరీక్షను మార్చాలని అందరూ అన్నారు. 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ ప్రతి సబ్జెక్టులో మూడో వంతు మార్కులు ఏడాది పొడుగునా క్లాసులో చేసిన పనికి కేటాయించమంది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ అంతర్గత మూల్యాంకనం కావాలంది. 1986 జాతీయ విద్యావిధానం నిరంతర మూల్యాంకనం అంది, సెమిస్టర్లు అంది. 2015లో యూజీసీ ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ పద్ధతికి మార్గదర్శకాలు ఇచ్చింది. అసైన్‌మెంటు, సెమినారు, చర్చ, హాజరు అన్నీ మార్కులుగా మారినాయి. ఇదంతా విద్యార్థి మీద భారం తగ్గించడానికే అన్నారు. ఉద్దేశాన్ని మేము శంకించడం లేదు. కానీ ఈ సంస్కరణల మీద నడిచిన చర్చలో ఎక్కువగా వినపడింది కాపీలు, బట్టీ, ఒత్తిడి. కులం మాట వినపడింది తక్కువ. నంబరు మీద వేసే మార్కు కొంత మొహం మీద వేసే మార్కు అయింది. మన దేశంలో మొహం ఒంటరిగా రాదు, వెంట ఊరొస్తుంది, వాడొస్తుంది, ఇంటి పేరొస్తుంది.

కరువు సీమకు విశ్వవిద్యాలయం

అనంతపురానికి పై చదువు ఎట్లా వచ్చిందో చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. 1800లో నిజాం కుంఫిణీకి అప్పజెప్పిన దత్తమండలాల్లో భాగం ఈ నేల. 1916లో ఇక్కడ సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ పెట్టినారు, ఈనాటి ఆర్ట్స్ కాలేజీ అదే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది గానీ సీమకు దక్కింది తక్కువ. 1937 నవంబరులో కుదిరిన శ్రీబాగ్ ఒప్పందంలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని రాసుకున్నారు. 1954లో విశ్వవిద్యాలయం వచ్చింది, కానీ తిరుపతికి. ఆ విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా అనంతపురానికి చదువు దిగింది 1968లో. అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది 1981లో. ఒప్పందానికీ విశ్వవిద్యాలయానికీ మధ్య 44 ఏళ్లు.

ఈ 44 ఏళ్లూ నడిచిన వాదన కోస్తాకూ సీమకూ మధ్య వాదన. న్యాయమైనదే. అయితే సీమలో ఎవరు ఆ బెంచీల మీద కూర్చుంటారు, కూర్చున్నవాళ్లను ఎట్లా తూస్తారు అనేది ఆ వాదనలో లేదు. శ్రీబాగ్ షరతుల్లో నీళ్లున్నాయి, శాసనసభ సీట్లున్నాయి, రాజధాని, హైకోర్టు ఉన్నాయి. మాలపల్లె, మాదిగపల్లె ఊసు లేదు. ఆ పల్లెల పిల్లలు విశ్వవిద్యాలయం దాకా రావడానికి దారి వేసినవి వేరే. ఒకటి 1944లో మొదలైన షెడ్యూల్డు కులాల స్కాలర్‌షిప్పు, దాని వెనకాల వైస్రాయి కౌన్సిల్ సభ్యుడుగా అంబేద్కర్ పట్టుదల ఉంది. రెండోది రిజర్వేషను. మూడోది సాంఘిక సంక్షేమ హాస్టలు అన్నం. ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ మనిషి ఈ మూడింటి మీదా నడిచి వచ్చినాడు. వచ్చినవాడికి చర్చా తరగతి ఎదురైంది.

రాయని నిబంధనలు

చర్చా తరగతిలో మార్కులు దేనికి? మాట్లాడినందుకా, బాగా మాట్లాడినందుకా, ఇంగ్లీషులో మాట్లాడినందుకా? ఎదుటివాడి మాట విని ఆలోచించినందుకు మార్కు ఉందా? సారు చెప్పినదానికి అడ్డం చెప్తే పెరుగుతాయా, తగ్గుతాయా? చాలా తరగతుల్లో ఇవి ఎవరూ మొదటి రోజు చెప్పరు. చెప్పనక్కర్లేదు అనుకుంటారు. చెప్పకుండానే తెలిసినవాళ్లు కొందరుంటారు. వాళ్ల ఇంట్లో అన్నం దగ్గర వాదన నడుస్తుంది, నాయన ఆఫీసరో లెక్చరరో అయి ఉంటాడు, పెద్దవాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడటం అక్కడ ధైర్యం. మా ఇళ్లలో, పెత్తందారు ముందర తలెత్తి మాట్లాడితే ఏమవుతుందో అనుభవం మీద నేర్చుకున్న తండ్రులు పిల్లలకు చెప్పింది వేరు: "పెద్దోళ్ల ముందర నోరు జారొద్దు నాయనా." తండ్రి ప్రాణం కాపాడుకోవడానికి నేర్పిన జాగ్రత్తను క్లాసులో 'పార్టిసిపేషన్ లేదు' అని రాసి సున్నా చుడతారు.

అంతమాత్రాన మాట్లాడటం మాకు చేతకాదని కాదు. చిందు భాగవతం ఆడి రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టింది ఎవరు? శెనక్కాయలు వలిచేకాడ పదిమంది ఆడవాళ్లు కూలి రేటు మీద నడిపే వాదన ఏ సెమినారుకు తీసిపోతుంది? మాట ఉంది. ఆ మాటకు క్లాసులో చెలామణి లేదు.

ఇంక పాఠం సంగతి. సామాజిక మనస్తత్వశాస్త్రంలో ప్రెజుడిస్, స్టీరియోటైప్ అని అధ్యాయాలుంటాయి. గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లో రాసిన పుస్తకం పేరు వస్తుంది. నల్లపిల్లలకు తెల్లబొమ్మ, నల్లబొమ్మ చూపించి క్లార్క్ దంపతులు చేసిన పరీక్షలు, బడుల్లో వర్ణ విభజన చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో వాటి ప్రస్తావన కూడా వస్తాయి. మంచిదే, మేమూ శ్రద్ధగా చదివినాం. కానీ టీ కొట్టులో వేరే గ్లాసు చూసిన పిల్లవాడు ఆ తరగతిలోనే ఉంటాడు. వాడు నోరు తెరిస్తే అది 'వ్యక్తిగత అనుభవం', 'ఆవేశం'. అమెరికా పుస్తకంలోని వాక్యం అప్పజెప్పినవాడిది 'విశ్లేషణ'. దురభిప్రాయం మీద పాఠం నడుస్తూనే ఉంటుంది, దురభిప్రాయం రిజిస్టరులో అంకెలుగా పడుతూనే ఉంటుంది.

పరిశోధనలు ఏం చెప్తున్నాయి

ఇది మా ఏడుపు మాత్రమే కాదు, ఆ శాస్త్రమే ఒప్పుకున్న సంగతి. రాబర్ట్ రోజెంతాల్, లెనోర్ జాకబ్సన్ 1968లో అచ్చువేసిన అధ్యయనంలో ఒక అమెరికా బడి టీచర్లకు కొందరు పిల్లల పేర్లు ఇచ్చి, వీళ్లు ఈ ఏడాది బాగా వికసిస్తారని చెప్పినారు. నిజానికి ఆ పేర్లు చీటీలు తీసినట్టు ఏరినవి. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లల్లో, ముఖ్యంగా ఒకటి రెండు తరగతుల్లో, ఎదుగుదల ఎక్కువ కనపడింది. ఆ లెక్కల మీద తర్వాత గట్టి విమర్శలు వచ్చినాయి, ప్రభావం మొదట అనుకున్నంత పెద్దది కాదని కూడా తేలింది. అయినా టీచరు ఆశ పిల్లవాడి మీద పనిచేస్తుందన్న మూల సంగతి నిలబడింది.

మన దేశానికి వస్తే, కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు చిక్కుదారి బొమ్మలు ఇచ్చి పరిష్కరించమన్నారు. 2006లో ఆ ఫలితాలు అచ్చయినాయి. కులం ప్రకటించనప్పుడు దళిత పిల్లలూ పై కులాల పిల్లలూ దాదాపు సమానంగా చేసినారు. అందరి ముందర పేరూ కులమూ చదివినాక దళిత పిల్లల పని పడిపోయింది. పిల్లవాడి తెలివి మారలేదు, గదిలో గాలి మారింది. విశ్వవిద్యాలయంలో మొదటి రోజు ర్యాంకు అడిగి, ఏ కోటాలో వచ్చినావని అడిగే పరిచయ కార్యక్రమాలు ఈ ప్రయోగాన్ని ఏటేటా ఉచితంగా చేస్తున్నాయి.

ఇంకొకటి మనం జాగ్రత్తగా చదవాల్సింది. రీమా హన్నా, లీ లిండెన్ మన దేశంలోనే టీచర్లకు జవాబు పత్రాలు ఇచ్చి దిద్దించినారు. పత్రాల మీద పిల్లల కులం తదితర వివరాలు ఇష్టం వచ్చినట్టు మార్చి అంటించినారు. కింది కులం పేరు పడిన పత్రానికి మార్కులు కొద్దిగా తగ్గినాయి. 2012లో అచ్చయిన ఈ అధ్యయనంలో ఆ తగ్గింపు కనపడింది కింది కులాల టీచర్ల దగ్గరే. ఈ సంగతి చేదుగా ఉంది. కానీ దాచితే మనకే నష్టం. సారు మనోడే కదా అని ఊరుకుంటే చాలదన్నమాట. దురభిప్రాయం ఒక కులం మనుషుల గుండెల్లో మాత్రమే ఉండేది కాదు, వ్యవస్థ అందరి చేతికీ ఇచ్చిన తూకపురాయి అది. రాయి మార్చకుండా తూచే మనిషిని మార్చితే సరిపోదు.

వైవాల సంగతి కూడా రికార్డులో ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో ప్రాక్టికల్స్, వైవాలలో న్యాయం జరగడంలేదన్న ఫిర్యాదు బలంగా నమోదయింది.

కరువు క్యాలెండరు, సెమిస్టరు క్యాలెండరు

అనంతపురంలో ఇంకొక లెక్క ఉంది. సాలీనా సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే నేల ఇది. జూన్, జులైల్లో వాన పడితే శెనక్కాయ విత్తుతారు, అక్టోబరు, నవంబరుల్లో పీకుతారు. ఊళ్లో కూలి దొరికేది ఆ కొద్ది రోజులే. పంట పోయిన ఏడాది ఇంటిల్లిపాదీ బెంగుళూరు బస్సెక్కుతారు, ఇంటి దగ్గర ముసలివాళ్లు మిగులుతారు. పీకుడు రోజుల్లో కొడుకో కూతురో ఊరికి పోక తప్పదు. మొదటి సెమిస్టరు సెమినార్లూ, ఇంటర్నల్ పరీక్షలూ చాలాచోట్ల సరిగ్గా అప్పుడే పడతాయి. హాజరు మార్కులు పోతాయి, సెమినారు తేదీ దాటిపోతుంది, 'సీరియస్‌నెస్ లేదు' అనే ముద్ర పడుతుంది. ఆ ముద్రే తర్వాతి సెమిస్టరులో టీచరు ఆశ అవుతుంది. రోజెంతాల్ చెప్పినది ఇక్కడ తలకిందులుగా నడుస్తుంది.

మళ్లీ పాత పరీక్షకేనా?

ఇంటర్నల్స్ పూర్తిగా ఎత్తేయండి, మొత్తం నంబరు మీదనే తేల్చండి అని మన విద్యార్థులే కొందరు అంటున్నారు. వాళ్ల బాధ మాకు తెలుసు. అయినా మేము ఒప్పుకోలేం. చర్చా తరగతి మనకు శత్రువు కాదు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో అంబేద్కర్‌ను బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనకాల పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు ఎగబడి తీసుకున్నారు. అదే మనిషి 1916 మే 9న న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ సెమినారులో భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివినాడు. కులం లోపలే పెళ్లి అనే నియమమే కులానికి ప్రాణమని అక్కడ వాదించినాడు. ఆ మాట మూడు గంటల పరీక్షలో పుట్టేది కాదు. పుట్టడానికి సెమినారు గది కావాల్సి వచ్చింది, తను చెప్పేదాంట్లో విషయం ఉందని ఎదురుచూసే శ్రోతలు కావాల్సి వచ్చింది. మనం అడగాల్సింది ఆ గదిని మూసేయమని కాదు, అటువంటి గది మన పిల్లలకూ కావాలని.

కాబట్టి మా ప్రతిపాదనలు మామూలువే. చర్చకు ఎన్ని మార్కులో, దేనికి ఎన్నో మొదటి వారంలోనే కాగితం మీద, తెలుగులో కూడా ఇవ్వాలి. తెలుగులో చెప్పిన వాదనకు ఇంగ్లీషు వాదనతో సమానంగా మార్కు ఉండాలి. నోటితో చెప్పలేనివాళ్లు చర్చ అయినాక రెండు పేజీలు రాసిస్తే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఆ పేజీల మీద పేరు కాకుండా నంబరు ఉండాలి. సెమిస్టరు నడుమ ఒకసారి ఎవరికి ఎన్ని వచ్చినాయో, ఎందుకో పిలిచి చెప్పాలి, చివర్లో చెప్తే దిద్దుకోవడానికి టైముండదు. పీకుడు రోజుల్లో పోయిన సెమినారుకు రెండో తేదీ ఇవ్వాలి. వైవా బోర్డులో దళిత అధ్యాపకులు ఉండాలి, ఉన్నా లేకున్నా మార్కుకు కారణం రాయాలి. విశ్వవిద్యాలయాల్లో సమానత్వం మీద యూజీసీ 2012లో నిబంధనలు తెచ్చింది. నిబంధన గోడ మీద ఉంటే చాలదు. విభాగంవారీగా, సామాజిక వర్గంవారీగా ఇంటర్నల్స్ సగటు ఎంతో, నంబరు మీద దిద్దిన పరీక్షలో సగటు ఎంతో పక్కపక్కన పెట్టి ఏటా ప్రకటించమని విద్యార్థి సంఘాలు అడగాలి. అదే పిల్లలు నంబరు మీద ఒక తీరుగా, మొహం మీద ఇంకొక తీరుగా తూగుతున్నారంటే కారణం చెప్పాల్సింది విభాగమే.

1990 మండల్ గొడవల నాటినుంచి మనల్ని 'మెరిట్ ఎక్కడ?' అని అడుగుతూనే ఉన్నారు. మెరిట్‌ను కొలిచే కొలబద్ద ఎక్కడ తయారైంది, ఎవరి ఇంటి మాటను, ఎవరి ఇంటి మౌనాన్ని చూసి దాని మీద గీతలు గీసినారు అని తిరిగి అడగడం మన చరిత్రకారుల పని. క్లాసులో టీచర్లుగా ఉన్న మనవాళ్లు ఈ సెమిస్టరు నుంచే ఆ గీతలు బయటపెట్టి, పిల్లల ముందర బోర్డు మీద రాయవచ్చు. దానికి ఏ జీవో అక్కర్లేదు.