డెంగీ చరిత్రలో ప్రతిరక్షకాల సాక్ష్యం

బుక్కపట్నం ప్రాంతంలో జ్వరాల చరిత్ర రాయదలచిన పరిశోధకుడికి తొలి చిక్కు పేర్లతోనే వస్తుంది. పాత కాగితాల్లో 'విషజ్వరం' అని ఉన్నంత మాత్రాన దాన్ని డెంగీగా లెక్కించలేం. 'డెంగీ' అని నమోదైన చోట కూడా ఏ పరీక్ష ఆధారంగా ఆ పేరు పెట్టారో విచారించాలి.

1965లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ ప్రచురించిన విశాఖపట్నం అధ్యయనాల శీర్షికల్లో కనిపించేది 'డెంగీ వంటి వ్యాధి' అనే మాట. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. ఆ కాలంలోనే తూర్పు తీరంలో చికున్‌గున్యా కూడా వ్యాపించింది. రెండింటి లక్షణాలూ దగ్గరగా ఉంటాయి. పైగా నాటి రక్తరస పరీక్షల్లో డెంగీ, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, వెస్ట్ నైల్ వైరస్‌ల ప్రతిరక్షకాలు ఒకదానికొకటి స్పందించేవి. ఇవన్నీ ఫ్లావీవైరస్‌లే.

1975లో కోహ్లర్, మిల్‌స్టీన్ హైబ్రిడోమా పద్ధతిని రూపొందించడంతో ఒకే కణవంశం నుంచి ఒకే రకం ప్రతిరక్షకాన్ని నిరంతరం తయారుచేయడం సాధ్యమైంది. అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థలో హెంచల్ బృందం ఈ పద్ధతితో డెంగీ ప్రతిరక్షకాలను రూపొందించి 1982లో ప్రకటించింది. వాటిలో 3హెచ్5 డెంగీ రెండవ రకాన్ని మాత్రమే గుర్తిస్తుంది. 4జి2 మాత్రం ఫ్లావీవైరస్‌లన్నింటినీ పట్టుకుంటుంది. వాటి పైపొర ప్రోటీన్‌లో దాదాపు మార్పులేని భాగానికి అది అంటుకోవడమే కారణం. కాబట్టి 4జి2 స్పందన ఒక్కటే డెంగీకి రుజువు కాదు.

ఈ భేదం మన ప్రాంతానికి దూరమైనది కాదు. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో, బుక్కపట్నం అంతర్భాగంగా ఉన్న నాటి అనంతపురం జిల్లాలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ప్రబలింది. అటువంటి చోట ఐజీఎం పరీక్షలో వచ్చిన 'పాజిటివ్' ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ రూపొందించిన ఐజీఎం కిట్ రోగి ప్రతిస్పందనను చూపుతుంది గాని వైరస్ రకాన్ని చెప్పదు. ఎన్ఎస్1 పరీక్ష జ్వరం తొలి రోజుల్లోనే వైరస్ ప్రోటీన్‌ను నేరుగా వెతుకుతుంది. ఐజీఎం పరీక్ష సాధారణంగా అయిదో రోజు తరువాత ఉపయోగపడుతుంది.

అందువల్ల శాసనాన్ని చదివేటప్పుడు లిపిని, కాలాన్ని విచారించినట్లే, జ్వరాల లెక్కలను వాడేటప్పుడు పరీక్ష పద్ధతిని, ప్రతిరక్షకాన్ని, జ్వరం ఎన్నో రోజున రక్తం తీశారన్న వివరాన్ని నమోదు చేయాలి. అవి లేకుండా 1960ల సంఖ్యలను నేటి సంఖ్యల పక్కన పెట్టి వ్యాధి పెరిగిందనడం తొందరపాటు. పెరిగింది వ్యాధి కావచ్చు, దాన్ని గుర్తించే శక్తి కావచ్చు, రెండూ కావచ్చు. వాటిని విడదీసి చూపడమే వ్యాధుల చరిత్రకారుడి బాధ్యత.