ఆదర్శ సమాజం
లేమి, దోపిడీ, బలప్రయోగం లేని సంఘజీవనాన్ని గురించిన భావన. 1516లో వెలువడిన థామస్ మోర్ ‘యుటోపియా’తో యూరప్‌లో పేరు పొందిన ఈ ఆలోచనకు మానవ స్వభావం ఎంతవరకు లొంగుతుందో తెలంగాణలో పరీక్షించినది, భూమిలేనివారికి స్వచ్ఛందంగా భూమినివ్వమని కోరిన భూదానోద్యమం. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూమిలేని దళితులు 80 ఎకరాలు కోరగా, భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ఉద్యమ నాయకుడు వినోబా భావే ఎదుట ప్రకటించడంతో, మనసు మారితే చట్టమూ తుపాకీ అక్కరలేదన్న నమ్మకం దేశమంతటా పాకింది. అయితే దాతలలో పలువురు సాగుకు పనికిరాని నేలనో, వ్యాజ్యంలో నలుగుతున్న నేలనో వదులుకున్నారు. ఎకరాల లెక్క ఎంత మోసపూరితమో వికారాబాద్, తాండూరు ప్రాంతాలను చూస్తే తెలుస్తుంది: నల్లరేగడి చేను పేరుమోసిన కందిని పండిస్తుండగా, పలుచని మట్టి కిందే నాపరాయి పరుచుకున్న చెలక నాగలికి లొంగక గనికే పనికివస్తుంది. నలుగురి ఎదుట పొంగిన ఔదార్యం నిజమైనదే కావచ్చు గాని, పట్టా మార్పిడి దాకా అది చాలాసార్లు నిలవలేదు. చట్టం అక్కరలేదన్న నమ్మకానికి భిన్నంగా, భూదాన, గ్రామదానాలపై (గ్రామదానమంటే భూమి యాజమాన్యాన్ని ఊరుమ్మడికి అప్పగించడం) ఆంధ్రప్రదేశ్ 1965లో చేసిన చట్టం, దానభూమి పొందినవారు దానిని అమ్ముకోరాదని నిషేధించింది.