నూనె నూనెగా, ఆకు ఆకుగా

మొన్న మా అక్క కూతురు వీడియో కాల్‌లో ఒక సీసా చూపించింది. నిండా ఆలివ్ నూనె, అందులో పచ్చి రోజ్‌మేరీ రెమ్మలు, ఒలిచిన వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు. "పిన్నీ, బ్రెడ్ ముంచుకు తినడానికి చేశా. పది రోజుల నుంచి పొయ్యి గట్టు మీదే ఉంది. వాసన ఎంత బాగుందో!" అంది. చూడ్డానికి బొమ్మలా ఉంది. అయినా ముందు అది పారెయ్యమన్నాను. "మరి ఆవకాయ జాడీలో ఏడాది ఉండట్లేదా?" అని ఎదురడిగింది. మంచి ప్రశ్నే. జవాబు చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మనకు అన్నం, నెయ్యి ఎలాగో మధ్యధరా సముద్రం చుట్టుపక్కల వాళ్లకు రొట్టె, ఆలివ్ నూనె అలాగ. తెలుగు బైబిల్లో ఈ చెట్టును ఒలీవ అన్నారు. అందులోనే సారెపతు అనే ఊళ్లో ఒక విధవరాలి కథ ఉంది. కరువు రోజులు. ఏలీయా వచ్చి రొట్టె అడుగుతాడు. ఆమె ఇంట్లో మిగిలినవి గుప్పెడు పిండి, కాస్త నూనె. అవి తనకూ కొడుక్కూ ఆఖరి పూట అంటుంది. అన్నీ అయిపోయాక కూడా ఇంట్లో చివరిదాకా ఉండేవి ఆ రెండేనన్నమాట.

రోమ్ నగరంలో మోంటే టెస్టాచ్చో అని ఒక గుట్ట ఉంది. ఎత్తు సుమారు 35 మీటర్లు. అది మట్టి గుట్ట కాదు, పగిలిన నూనె కూజాల పెంకుల గుట్ట! ఎక్కువగా స్పెయిన్ నుంచి ఓడల మీద వచ్చిన కూజాలు, ఒక్కోదాంట్లో దాదాపు 70 లీటర్లు పట్టేది. అంత నూనె వాడినవాళ్లు దానికి రుచి ఎలా కలిపేవారు? క్రీస్తుపూర్వం 160 ప్రాంతంలో కాటో అనే రోమన్ పెద్దమనిషి సేద్యం గురించి రాసిన పుస్తకంలో ఒక వంటకం చెప్పాడు. ఆలివ్ కాయల గింజలు తీసి తరిగి, నూనె, వెనిగర్, ధనియాలు, జీలకర్ర, సోంపు, సదాపాకు, పుదీనా కలపాలి. చదువుతుంటే మన పోపుల పెట్టె మూత తీసినట్టే ఉంది. ఆ జాబితాలో వెనిగర్‌ని మాత్రం గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని పడుతుంది.

పాలస్తీనా, లెబనాన్, సిరియా ఇళ్లలో ఇప్పటికీ పొద్దున్నే రెండు గిన్నెలు పెడతారు. ఒకదాంట్లో ఆలివ్ నూనె, ఒకదాంట్లో జాతర్ పొడి. ఎండబెట్టిన ఒరెగానో జాతి ఆకు, వేయించిన నువ్వులు, సుమాక్ అనే పుల్లటి ఎర్ర పండు పొడి, ఉప్పు కలిపితే జాతర్. రొట్టె ముక్కను ముందు నూనెలో ముంచి, తర్వాత పొడిలో అద్దుతారు. జాతర్ తింటే బుర్ర చురుగ్గా ఉంటుందని పరీక్షల రోజున పిల్లలకు పెట్టే తల్లులు అక్కడ ఉన్నారు. ఇడ్లీకి కారప్పొడి, నూనె పెట్టే మనకు వేరే చెప్పాలా?

ఇటలీలోని టస్కనీలో శరదృతువులో కొత్త నూనె ఆడించినప్పుడు, కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రుద్ది, నూనె పోసి, ఉప్పు చల్లుకుని తింటారు. దాని పేరు ఫెత్తుంత. చిన్న పళ్లెంలో నూనె, ఎండు ఆకులు వేసి భోజనానికి ముందు బ్రెడ్ ముంచుకోవడం మాత్రం అమెరికాలోని ఇటాలియన్ హోటళ్లలో పెరిగిన అలవాటు. అక్కణ్నుంచే మన పిల్లల దాకా వచ్చింది.

ఈ పద్ధతులన్నిట్లో నూనె నూనెగా ఉంది, ఆకు ఆకుగా ఉంది. రెండూ తినే వేళకే కలిశాయి. నెలల తరబడి సీసాలో కలిపి ఉంచితే ఏమవుతుందో 1985లో కెనడాలోని వాంకూవర్‌లో తెలిసింది. ఒక హోటల్లో తిన్న 36 మందికి బొటులిజం అనే విషజబ్బు చేసింది. కారణం నూనెలో వేసిన వెల్లుల్లి తరుగు. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన ఆ సీసాను బయట ఉంచారు. అది సోయా నూనె. జబ్బుపడ్డవాళ్లలో చాలామందికి మొదట వేరే రోగమన్నారు, కొందరికైతే మానసిక సమస్య అన్నారు. ఆ హోటల్లో తిని దూరాన ఉన్న సొంతూరికి వెళ్లిపోయిన ఒక తల్లికీ ఇద్దరు కూతుళ్లకూ జబ్బు సరిగ్గా గుర్తుపట్టాకే మిగతావాళ్ల సంగతి బయటపడింది. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలో ముగ్గురికి మళ్లీ అదే జబ్బు. ఈసారి ఆలివ్ నూనెలో వెల్లుల్లి. ఆ తర్వాత, అమ్మే వెల్లుల్లి నూనెలో పులుపు కలిపి తీరాలని అమెరికా ప్రభుత్వం ఆదేశించింది.

సంగతేమిటంటే ఈ క్రిమి బీజాలు మట్టిలో ఉంటాయి. వెల్లుల్లితో, పచ్చి ఆకులతో ఇంట్లోకి వస్తాయి. గాలి తగిలినంతసేపు ఏం చేయలేవు. నూనె గాలిని ఆపేస్తుంది. లోపల తడి ఉంది, పులుపు లేదు, గది వెచ్చగా ఉంది. ఇంకేం, విషం తయారు. దానికి వాసనా రంగూ రుచీ ఉండవు. ఆవకాయలో వెల్లుల్లి వేసినా పాడవ్వనిది నూనె వల్ల కాదు, మామిడి పులుపు వల్ల, మనం కొలిచి వేసే ఉప్పు వల్ల. ఉప్పు తగ్గితే పచ్చడి పాడవుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కాటో వెనిగర్, మన మామిడికాయ ఒకే మాట చెబుతున్నాయి.

అలాగని సీసాలో నాలుగు నిమ్మచుక్కలు పిండితే సరిపోదు. నూనెలో నిమ్మరసం కలవదు, వెల్లుల్లి లోపలికి చేరదు.

అందుకే అమ్మాయికి ఇలా చెప్పాను. పళ్లెంలో నాలుగు చెంచాల ఆలివ్ నూనె పొయ్యి. ఎండు ఒరెగానో అరచెంచా అరచేతిలో నలిపి వెయ్యి. చిటికెడు ఉప్పు, మిరియాల పొడి, కావాలంటే ఒక వెల్లుల్లి రెబ్బ తురుము. పది నిమిషాలు ఆగి తినెయ్. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టు, నాలుగు రోజులు దాటితే పారెయ్.

"అంత అందమైన సీసా పిన్నీ!" అని నసిగింది. సీసా కడిగి దాచుకోమన్నాను, మనీప్లాంట్ పెట్టుకోవచ్చు.