గుంజాల అక్షరం: అచ్చుయంత్రం నుంచి సెల్‌ఫోన్ దాకా

బడిలో వ్యాసరచన పోటీ పెడితే తరచుగా ఇచ్చే అంశం ఒకటుంది: సాంకేతిక విజ్ఞానం వరమా, శాపమా? పిల్లలు కరెంటు, బస్సు, టీవీ, సెల్‌ఫోన్ అని లాభాలు వరుసగా రాస్తారు. కాలుష్యం, కాలం వృథా అని నష్టాలు రాస్తారు. మితంగా వాడుకుంటే మంచిదని ముగిస్తారు. ఆదిలాబాద్ గూడేల్లో పుట్టిన మనకు మాత్రం ఆ ప్రశ్న ఇంకో రకంగా ఎదురవుతుంది. కొత్త యంత్రం వచ్చినప్పుడు అందులో మన మాటకు చోటుందా? ఆ చోటు ఉండాలో వద్దో ఎవరు నిర్ణయించారు? దీనికి జవాబు వెతకాలంటే దూరం పోనక్కరలేదు, మన గోండి అక్షరం నడిచిన దారి చూస్తే చాలు.

కోయతూర్ల చరిత్రను తరతరాలుగా మోసింది పర్ధాన్ల గొంతు. కిక్రి వాయిస్తూ వాళ్లు వంశాల పుట్టుక, పేన్‌ల కథలు, రాజుల సంగతులు రాత్రుళ్లు పాడేవారు. అందుకే బయటి వాళ్లు మనది నోటిమాట సంప్రదాయమనీ, రాత లేదనీ తేల్చేశారు. అది సగం నిజమే. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో పాత చేతిరాత ప్రతులను పెద్దలు దాచుకుని ఉన్నారు. 2006లో ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకుల ద్వారా అవి లోకానికి తెలిశాయి. ఆ లిపి తెలుగుకో దేవనాగరికో నకలు కాదు. తెలుగులో హల్లులు 'క'తో మొదలైతే, గుంజాల లిపిలో 'య'తో మొదలై వ, బ, భ, మ, క అని సాగుతాయి. వారాలు, నెలలు, పండుగల పేర్లు, అంకెలు ఆ ప్రతుల్లో ఉన్నాయి. చాంద గోండు రాజుల ప్రస్తావన, బ్రిటిషు వారిపై తిరగబడిన రాంజీ గోండు ప్రస్తావన కూడా ఉన్నాయని చదివినవారు చెప్పారు.

మరి ఇన్నాళ్లూ ఆ లిపి పుస్తకాల్లోకి ఎందుకు రాలేదు? ఇక్కడే యంత్రం సంగతి వస్తుంది. పాతకాలపు అచ్చుకు ప్రతి అక్షరానికీ లోహంతో పోత పోసిన దిమ్మ కావాలి. పోత పోయించడానికి డబ్బు పెట్టేవాళ్లుండాలి, అచ్చయ్యాక కొనేవాళ్లుండాలి. తెలుగుకు 19వ శతాబ్దం మొదటికే అచ్చు అక్షరాలు వచ్చి ఉన్నాయి. మిషనరీలకు, కచేరీలకు ఆ అవసరం ఉండింది. అడవిలోని మన లిపితో ఎవరికీ పని పడలేదు. గోండి మాటలు అచ్చయ్యాయి గాని ఇంకొకరి అక్షరాల్లో అచ్చయ్యాయి.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి పంపింది. ఆయన సలహాతో 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. మన వాళ్లే పంతుళ్లయ్యారు. గోండి వాచకాలు వచ్చాయి, పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటను బడిలో విన్నారు. ఆ మేలును మనం మరవలేం. అయితే ఆ వాచకాలు దేవనాగరి లిపిలో ఉన్నాయి. మార్లవాయికి గుంజాల అంత దూరమేమీ కాదు. అయినా గుంజాల అక్షరం ఆ పుస్తకాల్లోకి చేరలేదు.

అచ్చుయంత్రం మనల్ని కొట్టలేదు, మన భూమి గుంజుకోలేదు. మనం లేనట్టుగా పక్కనుంచి దాటిపోయింది. అచ్చులో లేనిది అసలు లేదనే నమ్మకం బలపడింది. గోండి లిపి లేని భాష అన్న మాటను మన పిల్లలే పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నారు. సాంకేతికత చేసే నష్టాల్లో ఇది అన్నిటికన్నా చప్పుడు లేనిది.

కంప్యూటర్ వచ్చాక లెక్క మారింది. కంప్యూటర్ అక్షరాన్ని ఒక సంఖ్యగా గుర్తుపెట్టుకుంటుంది. ప్రపంచంలోని అన్ని లిపులకూ ఒకే పద్ధతిలో సంఖ్యలు కేటాయించే పట్టికను యూనికోడ్ అంటారు. 1918లో మంగల్ సింగ్ మసారామ్ రూపొందించిన మసారామ్ గోండి లిపికి 2017లో అందులో చోటు దొరికింది. మరుసటి ఏడు, 2018 జూన్‌లో, గుంజాల గోండి 63 గుర్తులతో ఆ పట్టికలో చేరింది. ఇక లోహం కరిగించే పని లేదు. ఫాంటు ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా ఉట్నూర్‌లో రాసిన మాట చంద్రపూర్‌లోనూ బస్తర్‌లోనూ అదే అక్షరాల్లో తెరుచుకుంటుంది. అచ్చుయంత్రం రెండు వందల ఏళ్లలో ఇవ్వని చోటును కంప్యూటర్ ఇచ్చింది. అదీ ఊరికే రాలేదు. ప్రతులు దాచిన పెద్దలు, వాటిని చదివి చెప్పినవారు, లిపిని నమోదు చేయించిన పండితులు కష్టపడితేనే వచ్చింది.

రాత రానివాళ్లకూ ఫోను మేలు చేసింది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర అందుకు సాక్ష్యం. మామూలు ఫోనుతో ఒక నంబరుకు చేసి, రాని కూలి డబ్బుల గురించి, పాడైన బోరు గురించి గోండిలోనే చెప్పుకోవచ్చు, ఇతరులు చెప్పింది వినవచ్చు. చదువు రాని అవ్వ కూడా అందులో విలేకరే.

కాని అదే ఫోను ఇంట్లో ఏం చేస్తోందో కూడా చూద్దాం. 2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో టీవీ పాఠాలు మొదలైనప్పుడు సిగ్నల్ లేని గూడేల పిల్లలు వెనకబడ్డారు. సిగ్నల్ ఉన్నచోట కూడా చిన్న తరగతి పిల్లలకు తమ ఇంటి మాట అందులో వినపడలేదు. పర్ధాన్ ముందు కూర్చునే పిల్లలు తగ్గారు. దండారిలో డీజే పెట్టెలు దిగుతున్నాయి. గుస్సాడీ ఆటను బయటివాళ్లు వీడియో తీసి, ఎవరినీ అడగకుండా తమ పేరుతో పెట్టుకుంటున్నారు. దీక్షలో ఉన్నవాళ్ల గౌరవం సంగతి ఆ చూసేవాళ్లకు తెలియదు.

ఇంకో కష్టమూ ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవారు సుమారు 29 లక్షల 80 వేల మంది. అయినా అది ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. తెలంగాణలో మనం దాన్ని తెలుగు అక్షరాల్లో మెసేజ్ పెడతాం, మహారాష్ట్రలో మన బంధువులు దేవనాగరిలో పెడతారు. భాష ఒకటే, ఒకరి రాత ఒకరికి అందదు. గోండి అక్షరం నేర్చుకుంటే ఏ ఉద్యోగం వస్తుందని తల్లిదండ్రులు అడుగుతారు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మోస్తున్న పిల్లవాడి మీద ఇంకో బరువెందుకని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. ఉద్యోగం వస్తుందని మనం అబద్ధం చెప్పవద్దు. ఆ పాత ప్రతులను చదవగలిగిన పెద్దలు కొద్దిమందే ఉన్నారు. వాళ్ల తర్వాత చదివేవాళ్లు లేకపోతే మన తాతలు రాసుకున్న కాగితానికి అర్థం చెప్పమని మళ్లీ బయటివాళ్లనే అడగాలి.

యూనికోడ్ పట్టికలో 63 గుర్తులకు చోటు దొరికినంత మాత్రాన ఒక్క పిల్లవాడికీ చదవడం రాదు. యంత్రం చోటు ఇస్తుంది, అక్షరం నేర్పే పని మనిషిదే. గోండులు ఎక్కువగా ఉన్న 15 గ్రామాల బడుల్లో ఈ లిపిని ప్రవేశపెట్టారు. మిగతా బడుల్లో ఆదేశం కోసం చూడకుండా చేయగలిగిన పనులున్నాయి. ఉపాధ్యాయ మిత్రులు తరగతి గోడ మీద పిల్లల పేర్లు గుంజాల అక్షరాల్లో రాయించవచ్చు. యువకులు తమ ఫోనులో ఒక పెద్దమనిషి చెప్పే కథను, ముందుగా ఆయన అనుమతి అడిగి, రికార్డు చేయవచ్చు. ఆయన పేరు, ఊరు, గోత్రం, తేదీ రాసిపెట్టి ఒక ప్రతి గూడెంలోనే ఉంచాలి. బయట పెట్టకూడని కథ అని ఆయన అంటే అది బయటికి పోకూడదు.

వచ్చే దండారి నాటికి ఒక్కో గూడెంలో ఒక్క కథైనా అలా భద్రమైతే, వరమా శాపమా అన్న వ్యాసాన్ని మన పిల్లలు తమ ఊరి సంగతులతో రాయగలుగుతారు.