దూదేకుల వృత్తి - నంద్యాల పత్తి

మహానంది కోనేటి నీటితో పండే అరటితోటలు దాటి నంద్యాల వైపు వస్తే నల్లరేగడి మొదలవుతుంది. ఒకప్పుడు ఈ నేలకు పత్తి పెద్ద ఆధారం. వర్తకులు ఈ ప్రాంతపు పత్తిని 'నార్దర్న్సు' అనేవారు. ఆ పత్తిని నమ్ముకుని బతికి, పత్తి దండిగా పండే రోజుల్లోనే సన్నగిల్లిన వృత్తి మన దూదేకుల వారిది.

ఆ పని ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. గింజ తీసిన దూది ఉండలు ఉండలుగా ఉంటుంది. పెద్ద విల్లును దానికి ఆనించి, నారిని కొయ్యతో కొడితే ఆ అదురుకు పోగులు విడిపోయి దుమ్ము రాలిపోతుంది. అట్లా ఏకిన దూదిని ఏకులుగా చుట్టి రాట్నం మీద వడికేవారు. వడికే చేతులు ఉన్నన్నాళ్లే ఏకే చేతులకు పని. లద్దాఫ్ అన్నా, పింజారీ అన్నా అర్థం దూది ఏకేవాడనే.

పందొమ్మిదో శతాబ్దంలో మిల్లు నూలు వచ్చి రాట్నాలు మూలపడ్డాయి. చిత్రమేమంటే, పత్తికి మాత్రం అది మంచికాలం. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి పత్తి ఆగిపోయి మన పత్తికి ధర ఎగిసింది. ఆ దశకంలోనే ఒక ఇంగ్లీషు కంపెనీ కె.సి. కాలువ తవ్వింది. వానకే పండే రేగడికి కాలువ నీళ్లెందుకని రైతులు పెద్దగా తీసుకోలేదు. 1882లో సర్కారే కాలువను కొనుక్కోవలసి వచ్చింది! 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం వెలిసింది. గింజ తీయడం, బేళ్లు కట్టడం జిన్నింగు మిల్లుల పాలయ్యాయి. యంత్రం ఏకై వచ్చి మేకై కూర్చుంది.

1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడ్డాక ఖద్దరు పుణ్యమా అని ఏకులకు మళ్లీ కొంత గిరాకీ వచ్చింది గానీ, అది ఊరంతటికీ కూడు పెట్టేంత కాదు. ఇక మిగిలింది పరుపులు, దిండ్లు. విల్లు భుజాన వేసుకుని వీధి వీధి తిరిగే పని. దానికీ కరెంటు మిషను వచ్చింది, తర్వాత ఫోము పరుపు వచ్చింది.

పనివాళ్లు కాలంతో మారలేదు గనుకే వృత్తి పోయిందని కొందరంటారు. నేనొప్పుకోను. నూలు పోతే పరుపులకు మారినవాళ్లు వీళ్లే గదా! మారిన ప్రతిసారీ కాళ్లకింది నేలే జారిపోయింది.

1970లో మన రాష్ట్ర ప్రభుత్వం దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ పేర్లను వెనుకబడిన తరగతుల 'బి' గ్రూపులో చేర్చింది. ఆ సర్టిఫికెట్టుతో కాలేజీలో చేరే పిల్లల్లో విల్లును చూసినవాళ్లు తక్కువ. ఎవరింట్లోనైనా అటకమీద పాతది పడి ఉంటే కట్టెల్లో వేయకండి, ఒకసారి దించి పిల్లలకు చూపించండి.