లీడ్‌హిల్స్ రాళ్ల గుట్టలో కాలెడొనైట్

ఎల్వన్‌ఫుట్ దాటాక చెట్లు అయిపోతాయి. ఇక మిగిలేవి హెదర్ పొదలు, తడి గడ్డి, గొర్రెలు, అడ్డంగా ముఖానికి కొట్టే వాన. స్కాట్లండ్ దక్షిణాన లానార్క్‌షైర్ కొండల్లో మీరు పైకి ఎక్కుతున్నారు. రోడ్డు పక్క వాగు నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని దోసిట పట్టకండి. ఈ కొండల కడుపులో ఉన్నది సీసం. వందల ఏళ్లపాటు తవ్వి, కరిగించి, మిగిలింది ఇక్కడే పోశారు.

లీడ్‌హిల్స్ ఊళ్లోకి వస్తే ఒక వరుస తెల్లసున్నం ఇళ్లు, నడుమ చట్రానికి వేలాడదీసిన గంట. దాని మీద 1770 అని ఉంటుంది. ఆ ఏడాది పోయిన జేమ్స్ స్టిర్లింగ్ జ్ఞాపకార్థం పెట్టిన గంట అది. డిగ్రీ లెక్కల్లో పెద్ద పెద్ద ఫాక్టోరియళ్లకు స్టిర్లింగ్ సూత్రం వాడినవాళ్లకు ఈ పేరు తెలుసు. ఆ స్టిర్లింగే ఈయన. అంతటి గణితజ్ఞుడు మూడు దశాబ్దాలకు పైగా ఇక్కడి సీసం గనులకు మేనేజరుగా ఉన్నాడు. ఆయన కాలంలోనే 1741లో గని కార్మికులు చందాలు వేసుకుని లైబ్రరీ పెట్టుకున్నారు. బ్రిటన్‌లోని చందాదారుల లైబ్రరీల్లో అదే అన్నిటికన్నా పాతదంటారు. కాసేపు అందులోకి వెళ్లాలనిపిస్తుంది గానీ వాన తెరిపి ఇచ్చినట్టుంది. ముందు గుట్ట ఎక్కండి.

అనుమతి కాగితం జేబులో ఉందా? ఈ నేలకు యజమాని ఉన్నాడు, ఆ ఎస్టేటు అనుమతి లేకుండా ఇక్కడ రాయి ఏరకూడదు. ఉంటే పదండి. ఎదురుగా బూడిద రంగులో, గడ్డి కూడా సరిగా మొలవని ఆ పోగులే గనిలోంచి తోడి పారబోసిన రాళ్లు. ఈ భాగంలో తవ్విన ఖనిజపు సిరకు సుసన్నా అని పేరు. ఖనిజాలు సేకరించేవాళ్ల మధ్య ఈ పేరుకు ఉన్న గౌరవం, సీసం టన్నుల లెక్కన అమ్ముకున్నవాళ్లకు అర్థమై ఉండదు. వాళ్లకు కావలసింది మెరిసే గెలీనా, అంటే సీసపు సల్ఫైడ్. దాన్ని పట్టుకుపోయారు. ఇప్పుడు మనం వెతుకుతున్నది వాళ్లు పనికిరాదని వదిలేసినదాన్ని.

మోకాళ్ల మీద కూర్చోండి. మొదటి రాయి తెల్లటి స్ఫటికశిల, పక్కన పెట్టేయండి. రెండోది ముదురు బూడిద రంగు ఇసుకరాయి, ఈ కొండలు దానితోనే తయారయ్యాయి. మూడోది చేతిలోకి తీసుకోగానే మణికట్టు కిందికి వాలుతుంది. చూడటానికి చిన్న ముక్కే, బరువు మాత్రం లెక్కకు మించి ఉంది. ఒక పక్క గెలీనా చతురస్రపు మెట్లు మెరుస్తున్నాయి. దాన్ని తిప్పండి. వెనక చిన్న గూడులాంటి ఖాళీ ఉంది, మట్టి పట్టి ఉంది. సీసాలోని నీళ్లు కొంచెం పోసి, మెత్తని కుంచెతో తుడవండి. గట్టిగా రుద్దవద్దు.

అదిగో.

భూతద్దం కంటికి ఆనించి, రాయిని దగ్గరికి తెచ్చుకోండి. ఒక బిందువు నుంచి నాలుగు వైపులా విచ్చుకున్న సన్నని సూదులు, ఒక్కొక్కటి మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. పచ్చ అందామంటే నీలం అడ్డొస్తుంది, నీలం అందామంటే పచ్చ. సూదుల పొడవునా సన్నని గీతలు, అంచుల దగ్గర గాజు మెరుపు, విరిగినచోట కాస్త జిగురు పూసినట్టున్న నిగారింపు. రాయిని వెలుగు వైపు తిప్పితే పలచటి సూది గుండా వెలుగు పారుతుంది. ఇది కాలెడొనైట్ కావచ్చు. కావచ్చు అనడమే మర్యాద, ఎందుకంటే ఇలాంటి రంగు వేసుకుని ఈ గుట్టలోనే మరో ముగ్గురు తిరుగుతుంటారు.

మొదటిది మలకైట్, రాగి కార్బొనేట్. ముదురు నీలంలో ఉండేది లినరైట్, అందులో సీసమూ రాగీ ఉంటాయి, సల్ఫేట్ ఉంటుంది, కార్బొనేట్ ఉండదు. ఆకాశం రంగులో ఉండే చెనైట్ మరీ అరుదు. అదీ సీసం, రాగి, సల్ఫేట్ కలిసినదే. దాన్ని ఇక్కడి రాళ్లలోంచే గుర్తించి 1986లో లోకానికి చెప్పారు. కంటిచూపుతో వీటిని విడదీస్తానని ఎవరైనా బడాయి పోతే నమ్మకండి.

సాయంత్రం బసలో టేబుల్ మీద పాత పేపరు పరుచుకోండి, కిటికీ తెరవండి. పనికిరాని ఒక చిన్న రవ్వ మాత్రం విడిగా తీసి గాజు పలక మీద పెట్టండి. ముందు రాగి ముక్కతో మెల్లగా గీయండి. గీత పడుతుంది. మోహ్స్ కొలమానంలో దీని కాఠిన్యం రెండున్నరకూ మూడుకూ మధ్య, అంటే గోటికి లొంగీ లొంగనట్టు ఉండే రాయి. సూది మొనతో నొక్కితే పొడవాటి ఒక తలం వెంట చక్కగా చీలిపోతుంది. నూరితే పొడి దాదాపు తెలుపే, నీలాకుపచ్చ ఛాయ మాత్రం మిగులుతుంది. సాంద్రత నీటికి ఇంచుమించు 5.7 రెట్లు. మామూలు స్ఫటికశిలకు 2.65 మాత్రమే. పొద్దున మీ మణికట్టు వాలిందంటే కారణం మాత్రం గెలీనాయే, ఇంత చిన్న సూదుల బరువు అందులో లెక్కలోకి రాదు.

ఇప్పుడు పలచని నైట్రిక్ యాసిడ్ ఒక్క చుక్క. భూతద్దం పట్టుకుని ఓపిగ్గా చూడండి. మలకైట్ అయితే బుసబుసా పొంగి కరిగిపోయేది. లినరైట్ అయితే బుడగే రాదు. ఇక్కడ మాత్రం ఒకటీ అరా చిన్న బుడగలు తీరిగ్గా లేస్తున్నాయి. అంటే కార్బొనేట్ ఉంది, కానీ కొద్దిగానే. చుక్క నీలం తిరిగింది, అది రాగి. అడుగున తెల్లటి పొడి కరగకుండా మిగిలిపోయింది, అది సీసపు సల్ఫేట్. ఇంత చిన్న రవ్వ తనలో ఉన్నవన్నీ వరసగా చెప్పేసింది. చెనైట్‌లో కార్బొనేట్ లేదు కాబట్టి అదీ పక్కకు తప్పుకుంది. మాట ఖాయం చేసుకోవాలంటే ఎక్స్‌రే పరీక్ష చేయించాలి, అది వేరే సంగతి.

ఫార్ములా ఇది: రెండు రాగి, ఐదు సీసం, మూడు సల్ఫేట్, ఒక కార్బొనేట్, ఆరు హైడ్రాక్సిల్. బరువు లెక్కన చూస్తే నూటికి 64 పాళ్లు సీసమే, రాగి 8 పాళ్లు కూడా నిండవు. అయినా రంగంతా ఆ రాగిదే. సీసపు సల్ఫేటూ, సీసపు కార్బొనేటూ విడివిడిగా తెల్లగానో రంగులేకుండానో ఉంటాయి.

ఇది పుట్టిన తీరు వినండి. గెలీనా పగుళ్లలోకి వాననీరు, గాలి దిగాయి. సల్ఫైడ్ తుప్పుపట్టి సల్ఫేట్ అయింది. పక్కనున్న రాగి ఖనిజమూ అలాగే కరిగింది. నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటే సీసం తన కార్బొనేట్ అయిన సెరుసైట్‌గానూ, రాగి మలకైట్‌గానూ ఎవరి దారిన వాళ్లు వెళ్లేవారు. మరీ తక్కువైతే లినరైట్ కట్టేది. ఆ రెంటికీ నడుమ ఉన్న సన్నని సందులో కాలెడొనైట్ పుట్టింది. అరుదు కావడానికి కారణం అదే. సీసం, రాగి కలిసి ఉన్న గనులు ప్రపంచంలో బోలెడు, ఆ పాళ్లు కుదిరే చోట్లే కొద్ది.

దీన్ని ఏ అరలో పెట్టాలి? మీరు సీసం అర తెరవబోతారు, సహజం. ఖనిజశాస్త్రం మాత్రం లోహాన్ని బట్టి ఇంటిపేరు పెట్టదు, ఆ లోహం ఎవరితో జతకట్టిందో చూసి పెడుతుంది. స్ట్రుంజ్ వర్గీకరణలో దీని సంఖ్య 7.BC.50. ఏడు అంటే సల్ఫేట్ల తరగతి. B అంటే హైడ్రాక్సిల్ లాంటి అదనపు అయాన్ ఉండి, నీటి అణువు లేనిది. C అంటే మధ్యరకం, పెద్దరకం లోహ అయాన్లు రెండూ ఉన్నది, ఇక్కడ రాగి మధ్యరకం, సీసం పెద్దది. మరి కార్బొనేట్ మాటేమిటి? మూడు సల్ఫేట్లకు అది ఒక్కటే, మెజారిటీ సల్ఫేట్‌ది. ఇదే సుసన్నా సిరలో దొరికే లీడ్‌హిల్లైట్‌లో ఒక సల్ఫేట్‌కు రెండు కార్బొనేట్లు ఉంటాయి, కాబట్టి దాన్ని కార్బొనేట్ల తరగతిలో, ఐదో అంకె కింద వేశారు. రెండూ ఒకే రాతి గూట్లో పక్కపక్కన పెరిగినా మ్యూజియంలో అరలు వేరు. నన్నడిగితే కలిపే పెట్టాలంటాను. కానీ రసాయనం రాసిన రూలు అది, నాకు ఓటు లేదు.

1820లో హెన్రీ జేమ్స్ బ్రూక్ ఈ గనుల రాళ్లు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఇలాంటి అరలేవీ లేవు. లోపల ఏమేం ఉన్నాయో కలిపి చెప్పే చాంతాడంత పేరు పెట్టాడు. 1832లో ఫ్రెంచివాడు బూదాఁ దాన్ని తీసేసి, స్కాట్లండ్ పాత రోమన్ పేరు కాలెడోనియాను దీనికిచ్చాడు. లీడ్‌హిల్లైట్, లానార్కైట్ అన్న పేర్లు కూడా అదే పుస్తకంలో ఆయన పెట్టినవే. స్కాట్లండ్ పేరు మోస్తున్నా, ఇంతకన్నా పెద్ద స్ఫటికాలు అమెరికాలో అరిజోనా రాష్ట్రం టైగర్ దగ్గరి మామత్ సెయింట్ ఆంథొనీ గనిలో దొరికాయి. అక్కడివి సెంటీమీటర్లలో కొలుస్తారు, మీ దగ్గరున్నవి మిల్లీమీటర్లలో.

రాయిని దూది మీద పెట్టి డబ్బీ మూయండి. చీటీ మీద పేరుతో పాటు సుసన్నా సిర, లీడ్‌హిల్స్ అని తప్పక రాయండి, ఊరు పేరు లేని నమూనాకు సేకర్తలు విలువ ఇవ్వరు. గాజు పలక, కుంచె, పేపరు విడిగా కట్టి పారేయండి. టీ కప్పు అందుకునే ముందు గోళ్ల సందుల దాకా సబ్బుతో కడుక్కోండి. నూటికి 64 పాళ్లు సీసమని ఇందాకే చెప్పుకున్నాం.